శ్యాంసన్‌కీ వినయ్‌కీ పోటీ పెడితే

పని లేని మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఏం చేస్తారో నన్నడగండి, చెప్తాను. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద, పలకల ఫ్యాక్టరీల ఎదురుగా, ఏళ్ళ తరబడి టీ దుకాణం నడుపుతున్నదాన్ని. సాయంత్రం మిషన్లు ఆగాక ఒంటినిండా బూడిదరంగు దుమ్ముతో వచ్చి నా బల్లల మీద కూలబడతారు. మొదటి గ్లాసు అయ్యేదాకా ఎండలు, వానలు, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు ఎప్పుడొస్తాయి అన్న మాటలు. రెండో గ్లాసు చేతికి రాగానే మా ఆయన మీద పడతారు.

మా ఆయన పేరు శ్యాంసన్. బాక్సింగ్ ఛాంపియన్. నవ్వకండి, నిజమే. కుర్రతనంలో విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ అక్కడి క్లబ్బులో నేర్చుకున్నాడు. వరసగా మూడేళ్ళు రాష్ట్రం పోటీల్లో గెలిచాడు. దేశం పోటీలకు పోవాల్సిన ఏడాది మా మామగారు పలకల గనిలో రాతిపెళ్ళ విరిగి మీద పడి చనిపోయారు. పెద్దకొడుకు కదా, పెట్టె సర్దుకుని వచ్చేశాడు. అప్పటినుంచి రాయి కోసే మిషన్ దగ్గరే ఉన్నాడు. ఆ ఏడాది పోటీలకు పోయి ఉంటే ఎంతవాడయ్యేవాడో ఆయనకు తెలియదు. దుమ్ము పట్టి ఊపిరితిత్తులకొచ్చిన జబ్బు తర్వాత సంగతి, అసలు జబ్బు ఈ తెలియకపోవడమే.

సాయంత్రాలు చర్చి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. చాలామంది వచ్చారు, ముక్కు పగలగానే పోయారు. ఒక్కడు నిలబడ్డాడు. వాడు వినయ్ కుమార్. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న ఊరు వాళ్ళది. తల్లి పుష్పమ్మ కూలికి పోతుంది. పిల్లవాడిని ఇక్కడి హాస్టల్లో పెట్టి చదివించింది. హాస్టల్ అన్నం తిని బాక్సింగ్ ఏం ఆడతాడని, వాడికి మా ఇంట్లో జొన్నరొట్టె, గుడ్డు పెట్టేదాన్ని. నన్ను అత్తా అనేవాడు, ఆయన్ను మామా అనేవాడు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నాకు మాత్రం ఆ సంగతి గుర్తుండేది కాదు.

వాడి చేతుల్లో ఏముందో గానీ, చూస్తుండగానే జిల్లా దాటాడు, రాష్ట్రం దాటాడు. పెద్ద ఊళ్ళో ఒక ఆటల హాస్టల్ వాళ్ళు తీసుకుపోయారు. పేపర్లో చిన్న ఫోటో వచ్చింది. అంతే, నా దుకాణం ముందు కొత్త ఆట మొదలైంది.

ఆ ఆట కనిపెట్టినవాడు కాటమరాజు. ఆటో నడుపుతాడు. ఆటో కంటే నోరు ఎక్కువ నడుస్తుంది. శ్యాంసన్‌కీ వినయ్‌కీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారు? ఇదీ ఆట. మా వీధిలో పగిలిన పలకలకు కొదవేముంది, ఒక ముక్క తీసుకుని మధ్యలో గీత గీస్తారు. ఒకడు మా ఆయన పక్షం, ఒకడు వినయ్ పక్షం. ఒక్కో దెబ్బా నోటితో చెప్పుకుంటూ బలపంతో పాయింట్లు వేస్తారు.

"శ్యాంసనన్న ఎడమచేత్తో ఒకటి ఇచ్చినాడు. పాయింటు రాయి."

"ఏంది ఇచ్చేది? మావాడు పక్కకు జరిగినాడు. గాల్లో పోయింది."

"పాతికేళ్ళప్పటి శ్యాంసనన్నను అనుకోరా. ఇప్పటి మనిషిని కాదు."

"అట్లయితే వినయ్‌ని కూడా ఇంకో నాలుగేళ్ళు పెంచి నిలబెడదాం. అప్పుడు సరిపోతాది."

ఇలా పొద్దుగూకేదాకా. మా ఆయన మిషన్ దగ్గరనుంచి వచ్చి మూలన కూర్చుని, ఏమీ పట్టనట్టు టీ తాగేవాడు. చెవులు మాత్రం పలక మీదే ఉండేవి. ఆయన కూర్చుని ఉన్నంతసేపూ ఆయనే గెలిచేవాడు. ఆయన లేచి ఇంటికి పోయాక కాటమరాజు పలక తుడిచి, "ఇప్పుడు నిజంగా ఆడదాం" అనేవాడు. అప్పుడు వినయ్ గెలిచేవాడు. రెండో పోటీ సంగతి ఆయనకు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పడానికి నోరు రాలేదు. మొగుడి సంతోషం అంత చవగ్గా దొరుకుతుంటే ఏ పెళ్ళాం చెడగొడుతుంది?

ఆయన కూడా లోలోపల ఆ ఆట ఆడుకుంటున్నాడని తర్వాత తెలిసింది. ఒకరోజు గ్లాసులు కడుగుతుంటే పక్కన నిలబడి, "మొదటి రౌండులోనే ముగించాల హెప్సీ. మూడో రౌండు దాకా లాగితే వాడికి దొరికిపోతా" అన్నాడు.

"ఎవరికి?"

"వినయ్‌గాడికి."

నాకు ఒళ్ళు మండింది. "కడుపున పుట్టినోడి మాదిరి సాకినావు. వాడితో నీకు కొట్లాట ఏంది?"

"కొట్లాట కాదే. నేనెంతటోణ్ణో నాకు తెలవాల. ఈ చుట్టుపక్కల నా ఎదురు నిలబడి ఆ సంగతి చెప్పగలిగినోడు వాడొక్కడే. తెలవకుండానే పోతానేమో అని బుగులు" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఒంగోలులో ఛాతీ ఫోటో తీసి చూసిన డాక్టరు రాయి పని మానెయ్యమన్నాడు. మా ఆయన డాక్టర్ దగ్గరికి పోవడం మానేశాడు.

డిసెంబర్‌లో వినయ్ సెలవు మీద వచ్చాడు. ఎంత ఎదిగాడో! గుమ్మంలో తల వంచి లోపలికి రావాల్సి వచ్చింది. జనవరిలో దేశం జట్టు కాంపు ఉందనీ, అందులో తన పేరు ఉందనీ పొయ్యి దగ్గర కూర్చుని నాకు చెప్పాడు. మా ఆయనకు చెప్పేటప్పుడు మాత్రం లేచి నిలబడి చెప్పాడు. ఆయన వాడి భుజాలు పిసికి చూసి, "నిలబడేటప్పుడు ఎడమకాలు ఇంకా వెనకనే పెడతాండావు" అని తిట్టాడు. సంతోషం వస్తే ఆయనకు తిట్టడమే తెలుసు.

మా చర్చి సంఘంలో క్రిస్మస్ వెళ్ళాక ఆటలపోటీలు పెడతారు. గోనెసంచి పరుగు, ఆడవాళ్ళకు కుర్చీలాట, పిల్లలకు బైబిలు వాక్యాలు అప్పజెప్పడం. ఆ ఏడు కాటమరాజు బల్ల మీద అరచేత్తో కొట్టి అన్నాడు, "ఎన్నాళ్ళు పలక మీద గీసుకుంటాం? ఇద్దరూ ఊళ్ళోనే ఉండారు. నిలబెడదాం."

నేను గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. "మీ కాలక్షేపానికి నా మొగుడే దొరికినాడా?"

"నువ్వు గమ్మునుండు వదినా. అన్న కాదంటే మానేస్తాం."

అందరూ మూల వైపు చూశారు. మా ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "వాడికి ఇష్టమైతే నాకేంది" అన్నాడు. ఇంతమందిలో అలా అన్నాక వాడు ఇష్టం లేదని ఎలా అంటాడు?

ఆ సాయంత్రం వినయ్ వంటింట్లోకి వచ్చి నసిగాడు. "అత్తా, హాస్టల్‌వాళ్ళను అడక్కుండా బయట ఎక్కడా ఆడకూడదని మాకు రూలుంది." ఆ మాట నేను మా ఆయనకు చేరవేశాను. ఆయన కొట్టిపారేశాడు. "ఇది మ్యాచ్ అనుకున్నావా ఏంది? చర్చి ఆట. గోనెసంచి పరుగుకు పర్మిషన్ అడుగుతారా?" వినయ్‌కి అదే చెప్పాను. వాడు నవ్వి, "మామ అంత ఆశపడతాంటే కాదనేదెట్ల అత్తా" అన్నాడు.

పాస్టరు వరప్రసాదం అయ్యగారు నెమ్మదస్తుడు. ఎవరూ గెలవకూడదు, ఎవరూ ఓడకూడదు, మూడు రౌండ్లు అయ్యాక ఇద్దరి చేతులూ తానే ఎత్తి ఇద్దరికీ శాలువాలు కప్పుతానని ముందే ఒప్పందం చేశారు. రిఫరీ కూడా ఆయనే. చర్చి ఆవరణలో నాలుగు గుంజలు పాతి, పలకల లారీలకు కట్టే మోకులు చుట్టూ బిగించారు. కింద టార్పాలిన్ పరిచారు. తర్లుపాడునుంచి, రాచర్లనుంచి కూడా ఆటోల్లో జనం వచ్చారు. ఎవరి చేతిలో చూసినా ఫోనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకు ఒక అలవాటు ఉంది. ఏ పిల్లవాడు పోటీకి పోతున్నా గ్లౌజులు కట్టాక నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. "ప్రభువా, ఈ బిడ్డ చేతులు కాపాడు. ఎదురుగా నిలబడే బిడ్డ కళ్ళు కాపాడు. ఇద్దరినీ ఇంటికి చేర్చు." ఈ మూడు ముక్కలే. ఏళ్ళుగా అవే.

ఆ రోజు గంట కొట్టబోతుండగా వినయ్ తన మూలనుంచి నడుచుకుంటూ మా ఆయన దగ్గరికి వచ్చి తల వంచాడు. "ప్రార్థన చెయ్యి మామా."

మా ఆయన తటపటాయించాడు. గ్లౌజు తొడిగిన చేతిని వాడి నెత్తిన పెట్టి మొదలుపెట్టాడు. "ప్రభువా, ఈ బిడ్డ చేతులు కాపాడు. ఎదురుగా నిలబడే..." అని ఆగిపోయాడు. ఎదురుగా నిలబడేది తానే కదా. మాట మింగేసి, "ఇద్దరినీ ఇంటికి చేర్చు" అని ముగించాడు. వినయ్ ఆ గ్లౌజు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు, కొందరు ఏడ్చారు కూడా. నాకు మాత్రం భయం పట్టుకుంది. ప్రార్థన లేకుండా గంట కొట్టించి ఉంటే వాడు ఆటగాడిగా ఆడేవాడేమో. నెత్తిన చెయ్యి పడ్డాక కొడుకైపోయాడు. కొడుకు ఎక్కడైనా కొడతాడా?

మొదటి రౌండు బాగానే జరిగింది. బాగానే అంటే, చూసేవాళ్ళకు. వినయ్ చుట్టూ తిరుగుతూ తాకీ తాకనట్టు చేతులు ఆడించాడు. మా ఆయన మాత్రం నిజంగానే కొట్టాడు. ఎన్నేళ్ళ కసి ఆ భుజాల్లో ఉందో అప్పుడు చూశాను. భయమూ వేసింది. అబద్ధమెందుకు, కాస్త గర్వమూ వేసింది. మా పెళ్ళినాటి మనిషి కనిపించాడు.

రెండో రౌండులో ఊపిరి అందడం మానేసింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని తాడు పక్కనే ఉన్నాను. గొంతులోనుంచి వచ్చే కూత నాకు వినపడుతోంది. నాకు వినపడిందంటే వినయ్‌కి వినపడకుండా ఉంటుందా? "ఆపండయ్యగారూ" అన్నాను. జనం గోలలో అయ్యగారికి వినపడలేదు.

మూడో రౌండు. మా ఆయన నోరు తెరుచుకునే ఉంది. పెదవులు నల్లబడ్డాయి. అయినా ముందుకే పోతున్నాడు. వినయ్ ఒకసారి నా మొహం వైపు చూశాడు. మళ్ళీ ఆయన వైపు తిరిగాడు. మా ఆయన ఎడమచెయ్యి విసిరాడు. అది వాడి భుజాన్ని రాసుకుని పోయింది. బాక్సింగ్ ఏమీ తెలియని నాకే తెలిసింది, ఆ దెబ్బకు ఈగ కూడా లేవదని. వినయ్ మోకాలి మీద కూలబడ్డాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వాడు మోకాలి మీదే ఉండి, తలెత్తి మా ఆయన్ను చూస్తున్నాడు. అయ్యగారు ఏం చెయ్యాలో తెలియక చేతులు నలుపుకుంటున్నారు. మా ఆయన వాడి వైపు చూశాడు. ఆయనకు తెలుసు. నేను ఒట్టేసి చెప్తాను, ఆయనకు ఆ క్షణంలోనే తెలుసు. ఏ దెబ్బ తగిలిందో ఏది తగల్లేదో కొట్టినవాడికి తెలియదా? ఇంతలో కాటమరాజు గొంతు లేచింది. "శ్యాంసనన్నా!" ఆ వెంటనే ఆవరణంతా అదే కేక. మా ఆయన వాడికి వీపు చేసి, జనం వైపు తిరిగి, రెండు పిడికిళ్ళూ పైకెత్తాడు.

ఆ తర్వాత ఒప్పందం ఎవరికి గుర్తుంటుంది? అయ్యగారు కూడా మురిసిపోయి రెండు శాలువాలూ మా ఆయనకే కప్పారు. వినయ్ తానే లేచి, మోకాలు దులుపుకుని, అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

వీడియో ఊరు దాటింది. గిద్దలూరులో బస్టాండు దగ్గర చూశామన్నారు, ఒంగోలులో చూశామన్నారు. నలభై దాటిన రాళ్ళ మేస్త్రి జాతీయ ఆటగాడిని పడగొట్టాడని ఎవరో దానికి పాట కూడా తగిలించారు. మా ఆయన పనికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసుకునేవాడు. వినయ్ కిందపడే చోటికి రాగానే ఆపేసేవాడు. ఆపి, మళ్ళీ మొదటినుంచి పెట్టేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక, "దాని తర్వాత ఏం జరిగిందో కూడా చూడు" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి పోయాడు.

సంక్రాంతి వెళ్ళాక పుష్పమ్మ ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు, ఆ రోజు అసలు గొంతే లేవలేదు. "వదినా, మావోణ్ణి హాస్టల్లోనుంచి పంపించేసినారంట. ఆ వీడియో చూసినారంట. కాంపు లేదంట, ఏమీ లేదంట. అన్న ఒక మాట చెప్తే వింటారేమో అడుగు వదినా."

ఆ హాస్టల్ పేరు నేను చెప్పను. మా ఆయన అక్కడి కోచ్‌కి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, వాడు నా దెబ్బకు పడలేదు సార్. నాకు ఊపిరాడక అగచాట్లు పడతాంటే కావాలనే కూర్చున్నాడు. నేను పెద్దోణ్ణని."

అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు. తర్వాత అన్నాడు, "పర్మిషన్ లేకుండా ఆడడం ఒక తప్పు. దాన్ని ఎలాగో సర్దేవాణ్ణి. నిజంగా పడ్డాడంటే, మీ వయసు మనిషి దెబ్బకు పడేవాడు మాకు పనికిరాడు. కావాలని పడ్డాడంటే ఇంకా ఘోరం. ఆటలో కావాలని పడిపోయేవాడిని దేశం జట్టుకు ఎలా పంపిస్తాం? మీరే చెప్పండి."

మా ఆయన ఫోన్ పెట్టేశాడు. అబద్ధం వాడిని ముంచింది సరే, నిజం చెప్పినా వాడు మునిగేటట్టే ఉంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ మా ఆయన లేచాడు. మా సంఘంలో అది ఆనవాయితీ. దేవుడు ఎవరికేం చేశాడో, ఎవరు ఏ పొరపాటునుంచి తిరిగొచ్చారో లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. ఆయన ఎప్పుడూ లేచేవాడు కాదు. లేచేసరికి అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"నేను గెలవలా" అన్నాడు. "ఆ పిల్లోడు నా పానం కోసం మోకాలేసినాడు. నాకు తెలుసు. తెలిసి కూడా పిడికిళ్ళు ఎత్తినా. మీరంతా కేకలేస్తాంటే తీపి పుట్టింది. నా మూలంగా వాడి బతుకు బుగ్గి అయింది. నేను దొంగను."

అంతే చెప్పి కూర్చున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా రాయి విసిరినా బాగుండుననుకున్నాను.

"స్తోత్రం" అన్నారు వెనకనుంచి. "ఆమెన్" అన్నారు ముందునుంచి. ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. అయ్యగారు కళ్ళు తుడుచుకుని, "చూడండి బిడ్డలారా, తనను తాను తగ్గించుకోవడం, తగ్గింపు అంటే ఇదీ. గెలిచినవాడు నేను గెలవలేదని చెప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?" అన్నారు. మరుసటి ఆదివారం ప్రసంగమంతా దాని మీదే.

మాలో అంతే మరి. లేచి నిలబడి నేను తప్పు చేశానని చెప్పినవాడి తప్పు తప్పుగా ఉండదు, తగ్గింపు అయిపోతుంది. బయటికి వచ్చాక కాటమరాజు మా ఆయన్ను వాటేసుకున్నాడు. "ఇంత పెద్ద మనసా అన్నా నీది! ఓడినోడి పరువు కాపాడినావు."

"నిజం చెప్పినా రా కాటమరాజూ."

"తెలుసులే అన్నా, తెలుసులే" అని వీపు తట్టాడు.

దుకాణం ముందు నేను కూడా చెప్పి చూశాను. "ఏంది వదినా, సొంత మొగుణ్ణి నువ్వే తక్కువ చేస్తావు" అని నన్నే తప్పుపట్టారు. ఆ రోజు పలక ముక్కలన్నీ ఏరి చెత్తలో పారేశాను. మా వీధిలో పలకలు పారేస్తే ఏం లాభం, నాలుగడుగులు వేస్తే మళ్ళీ దొరుకుతాయి.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వినయ్ వచ్చాడు. మా ఇంట్లో వదిలేసిన బట్టలు తీసుకుపోవడానికి. హైదరాబాదులో ఏదో గోడౌన్‌లో పని దొరికిందట, సాయంత్రం బస్సుకు పోతున్నాడట. చిక్కిపోయాడు. అన్నం పెడితే తలెత్తకుండా తిన్నాడు. మా ఆయన మిషన్ ఆపి దుమ్ముకాళ్ళతోనే పరుగెత్తుకొచ్చాడు. వాడి ముందు కూర్చుని, "షెడ్డుకు పోదాం రా" అన్నాడు.

"ఇప్పుడెందుకు మామా?"

"రా అంటాండా కదా. హెప్సీ, నువ్వు కూడా రా. ఫోన్ తీసుకో."

షెడ్డులో రేకులు కాలిపోతున్నాయి. మా ఆయన రెండు జతల గ్లౌజులు తీసి ఒక జత వాడి మీదికి విసిరాడు. నన్ను మూలన నిలబెట్టి వీడియో తియ్యమన్నాడు. "ఇప్పుడు కొట్టు. నిజంగా కొట్టు. నేను పడిపోయేది ఊరంతా చూడాల. మీ కోచ్ చూడాల."

వినయ్ గ్లౌజులు తొడుక్కున్నాడు గానీ చేతులు కిందికే వేలాడదీశాడు. మా ఆయన వాడి ఛాతీ మీద తోశాడు. చెంప మీద కొట్టాడు. వాడు కదల్లేదు.

"దీనివల్ల ఏమీ రాదు మామా. జట్టు పోయింది. ఇంకొకర్ని తీసుకున్నారు."

"అయితే ఊరంతా అంటాండేదే నిజం" అన్నాడు మా ఆయన. కావాలనే అన్నాడు. "నేనే గెలిచినా. నీ చేతుల్లో ఏమీ లేదు. నీకు నేర్పింది దండగ."

వినయ్ మొహం మారింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. నా వైపు తిరిగి, "అత్తా, ఫోన్ లోపల పెట్టు" అన్నాడు. పెట్టేశాను. మా ఆయన అలవాటుగా వాడి నెత్తి వైపు చెయ్యి ఎత్తబోయాడు.

"ఈసారి ప్రార్థన వద్దు మామా."

తర్వాత జరిగింది నేను సరిగా చూడనే లేదు. మా ఆయన పిడికిళ్ళు మొహానికి అడ్డం పెట్టాడు, ముందుకు వచ్చాడు, అంతే. కడుపులో ఒకటి, దవడ మీద ఒకటి. వినయ్ అడుగు కూడా కదిపినట్టు లేదు. మా ఆయన మట్టినేల మీద వెల్లకిలా పడ్డాడు. నేను పరుగెత్తి తల ఒళ్ళో పెట్టుకున్నాను. పెదవి చిట్లి రక్తం వస్తోంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆశ్చర్యం, ఆయన నవ్వుతున్నాడు. కళ్ళలోనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఇదీ. దెబ్బంటే ఇదీ" అన్నాడు. "నా పాతికేళ్ళప్పుడు కూడా దీన్ని ఆపేటోణ్ణి కాదు హెప్సీ. నేనెంతటోణ్ణో ఇప్పుడు తెలిసింది."

జీవితమంతా తెలుసుకోవాలనుకున్నది తెలుసుకున్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎంత తేటగా ఉందో! ఒక్క నిమిషం నాకు కూడా బరువు దిగినట్టనిపించింది. లేచి కూర్చుని, వినయ్ వైపు తలెత్తి అడిగాడు.

"ఇంత చేవ పెట్టుకుని ఆ పొద్దు ఎందుకు కూర్చున్నావురా? పదిమందిలో నన్ను పడేసి ఉంటే పోయేది కదా. నవ్వినా నవ్వేవాళ్ళు. నీ బతుకు నీకుండేది."

వినయ్ గ్లౌజుల తాళ్ళు పళ్ళతో విప్పుకుంటున్నాడు. విప్పి, జతగా కట్టి, బల్ల మీద పెట్టాడు.

"ఓడిపోదామని కూర్చోలా మామా" అన్నాడు. "నీకు ఊపిరాడలా. నేను మోకాలేస్తే నువ్వొచ్చి నన్ను లేపుతావు, ఆ రవంత సేపు నీకు ఊపిరి అందుతాది, అయ్యగారు ఇద్దరికీ శాలువాలు కప్పుతారు అనుకున్నా. నువ్వు లేపుతావనే చూస్తా ఉన్నా. నువ్వు అటు తిరిగినావు."

వాడు బట్టల సంచి భుజానికి తగిలించుకున్నాడు. బస్సు వేళవుతోంది. తలుపు దాకా పోయినవాడు వెనక్కి వచ్చి, వంగి, నేల మీద కూర్చున్న మా ఆయన్ను లేపడానికి చెయ్యి చాపాడు. మా ఆయన ఆ చేతి వైపు చూస్తూ కూర్చున్నాడే గానీ, పట్టుకోలేకపోయాడు.